తాళపత్రాల నడుమ మానుషం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మన ట్రస్టు పఠన మందిరంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనుక వరుసలో కూర్చుని ఈ ముసలాయన ఎప్పుడు ముగిస్తాడా అని చూస్తున్న విద్యార్థులకు ఆశీస్సులు.

నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం ‘గ్రంథాలయము – మనుష్యత్వము’. మొదట సందేహించినాను. గ్రంథాలయాన్ని గురించి చెప్పమంటే పుస్తకాలను గురించి చెప్పవచ్చు. మనుష్యత్వాన్ని గురించి చెప్పమంటే ఉపనిషత్తులు ఉన్నవి. రెండింటినీ కలిపి చెప్పాలంటే నా జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. అది నాకు గౌరవం తెచ్చే సంగతి కాదు. చివరికి చెబుతాను.

వ్యాకరణం చదివినవాడిని కాబట్టి మాట దగ్గర మొదలుపెట్టడం నాకు అలవాటు. మనుష్యుడు అని ఎందుకు అంటున్నాము? యాస్కమహర్షి తన నిరుక్తంలో ఈ ప్రశ్న తానే వేసుకొని మూడు నాలుగు సమాధానాలు చెప్పినాడు. మనువు సంతానం కనుక మనుష్యుడు అన్నది అందరికీ తెలిసినది. దానికి ముందు ఆయన చెప్పిన నిర్వచనం మాత్రం విచిత్రంగా ఉంటుంది. ఆలోచించి తన కర్మలను కుట్టుకొనేవాడు మనుష్యుడట. ఇక్కడ ఆయన వాడిన ధాతువు సూదీ దారంతో బట్ట కుట్టడానికి వాడే ధాతువే. పశువు కూడా పని చేస్తుంది. కాని నిన్నటి పనికి నేటి పనిని, నేటి పనికి రేపటి పనిని కలిపి కుట్టుకోవడం మనుష్యుడికే చేతనైన విద్య.

ఇక గ్రంథం అన్న మాట చూడండి. దీని ధాతువుకు కూర్చడం, ముడివేయడం అని అర్థం. పూలు గుచ్చినట్లు ఆకులు గుచ్చి త్రాడుతో కట్టినది గ్రంథం. అచ్చుపుస్తకాలు వచ్చిన తరువాత ఈ అర్థం మనకు కనబడకుండా పోయినది. తాళపత్రాల కట్ట విప్పినవాడికి మాత్రం ప్రతి దినమూ కనబడుతుంది. ఆలోచించి కుట్టుకొనేవాడు మనిషి, కుట్టి కట్టినది గ్రంథం. రెండు మాటలూ ఒకే పని దగ్గర కలుసుకొంటున్నవి. ఇది నా సొంత ఊహ. ఏ వ్యాఖ్యానంలోనూ ఉన్నదని చెప్పబోను.

సంస్కృత కళాశాలలో చదువు ముగించిన తరువాత కొంతకాలం ఒక గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలకు వివరణ పట్టికలు వ్రాసే పని చేసినాను. ప్రతి కట్టకూ ఒక కాగితం. గ్రంథనామం, కర్త, లిపి, పత్రాల సంఖ్య, పత్రానికి పంక్తులెన్ని, ఆది, అంతం, స్థితి అని గడులు ఉండేవి. పొద్దున కట్ట విప్పడం, మెత్తటి బట్టతో దుమ్ము తుడవడం, నిమ్మగడ్డి నూనె రాయడం, అక్షరాలు కనబడకపోతే దీపపు మసి, ఆకుపసరు కలిపి పూసి తుడవడం. గంటంతో గీసిన గీతలో మసి నిలిచి, మిగిలినది తుడుపుతో పోతుంది. అప్పటిదాకా ఏమీ లేని ఆకు మీద వరుసగా అక్షరాలు పైకి తేలుతవి. ఎన్ని వందల సార్లు చేసినా ఆ క్షణం నాకు పాతబడలేదు. పని ముగిసిన కట్టకు పైనా క్రిందా చెక్కలు వేసి, త్రాడు చుట్టి, ఎర్రబట్టలో వస కొమ్ముతో పాటు మూటకట్టి బీరువాలో పెట్టేవాళ్ళము. రామబాణం పురుగుకు వస వాసన గిట్టదు.

ఆ పట్టికలో ‘అంతం’ అనే గడి నింపడానికి చివరి ఆకు చదవాలి. అక్కడ గ్రంథకర్త మాట ముగిసిన తరువాత లేఖకుడి మాట మొదలవుతుంది. మన దేశంలో లేఖకులు చివర చెప్పుకొనే మాటలు కొన్ని వందల ఏళ్ళుగా ఒకే తీరున నడుస్తున్నవి. వంగి వంగి నడుము విరిగినది, మెడ పట్టుకొన్నది, చూపు ఆకుకే అతుక్కుపోయినది, ఇంత కష్టంతో వ్రాసినాను కాబట్టి బిడ్డను చూసుకొన్నట్లు చూసుకోమని ఒకడు ప్రార్థిస్తాడు. నా ముందున్న మాతృకలో ఎట్లా ఉన్నదో అట్లాగే వ్రాసినాను, తప్పులుంటే నన్ను నిందించవద్దని ఇంకొకడు చేతులు జోడిస్తాడు. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి కాపాడమని, మూర్ఖుడి చేతికి ఇవ్వవద్దని మరొకడు పుస్తకం నోటనే పలికిస్తాడు.

వీరికి ఎంత ముట్టేదో తెలుసునా? ముప్పది రెండక్షరాలను ఒక ‘గ్రంథం’ అని లెక్కవేసి, వేయి గ్రంథాలకు ఇంత అని కూలి కట్టేవారు. పద్యమైనా వచనమైనా అదే కొలత. అంటే శంకరభాష్యం వ్రాసినా, సాముద్రికం వ్రాసినా అక్షరానికి అదే ధర. ఇందులో ఒక సమత్వం ఉన్నది, వేదాంతులు గమనించినారో లేదో.

పండితులమైన మేము ఈ చివరి మాటలను పెద్దగా లెక్కపెట్టేవాళ్ళం కాము. పాఠభేదాల కోసం కళ్ళు పొడుచుకొనేవాళ్ళము కాని, ఆ పాఠభేదం ఎందుకు పుట్టినదో అడిగేవాళ్ళం కాము. ఒక కట్టలో పదునారవ ఆకు దాకా ముత్యాల వంటి వ్రాత. పదునేడవ ఆకు నుంచి పిల్లవాడి వ్రాత, గీత లోతు లేదు, తప్పులు విపరీతం. ఆ తరువాత మొదటి చేయి మళ్ళీ కనబడదు. నేను ‘స్థితి’ అనే గడిలో ‘అశుద్ధ ప్రతి’ అని వ్రాసి ముందుకు పోయినాను. ఈ వయసులో ఆలోచిస్తే, పదునారవ ఆకుకూ పదునేడవ ఆకుకూ నడుమ ఆ ఇంట్లో ఏమి జరిగి ఉంటుందో అని గుండె బరువెక్కుతుంది.

మన ఊరి గ్రంథ భాండాగారాల్లో తలమానికం వంటిది ఏదంటే, అది ఊరిలో లేదు, కొండ మీద ఉన్నది. ఆనందనిలయం చుట్టూ విమాన ప్రదక్షిణ చేసేటప్పుడు తాళ్లపాకవారి సంకీర్తన భాండారం తగులుతుంది. చాలామంది నమస్కారం కూడా పెట్టకుండా హుండీ వైపు నడిచిపోతారు. తప్పుపట్టను, వెనుకనుంచి జనం త్రోస్తుంటే ఎవరు నిలుస్తారు. అన్నమాచార్యులవారు 1424 నుంచి 1503 దాకా స్వామికి సంకీర్తనలు సమర్పించినారని రాగిరేకుల మీదనే వ్రాసి ఉన్నది. మొత్తం 32,000 అని సంప్రదాయం చెబుతున్నది. మనకు దొరికినవి 12,000కు పైగా. వారి కుమారుడు పెదతిరుమలాచార్యులు వీటిని రాగిరేకుల మీద చెక్కించినాడు. ఆకు చెదలకు లోబడుతుంది, రాగి లోబడదు. తండ్రి మాట మీద కొడుకుకు ఉన్న ప్రేమ ఎంత బరువైనదో ఆ రేకులు మోసినవారికి తెలుస్తుంది.

ఆ రేకులను చదివి వెలుగులోకి తెచ్చిన మహనీయులలో ముగ్గురి పేర్లు తలచుకోవడం మన విధి. దేవస్థానం శాసనాలను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయంలో జీవితం గడిపి తరువాత తిరుపతికి వచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసి విరమించిన తరువాత ఇక్కడికి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1939లో దేవస్థానంవారు స్థాపించిన ప్రాచ్య పరిశోధనాలయం వీరి తపస్సుకు ఆశ్రమమైనది. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉన్నది, పాడే వరుస మాత్రం లేదు. అది గొంతు నుంచి గొంతుకు రావలసినది, నడుమ ఎక్కడో తెగిపోయినది. శర్మగారు నూరుకు పైగా పాటలకు స్వరకల్పన చేసి వాటిని మళ్ళీ నోళ్ళ మీదికి తెచ్చినారు.

ఇంత శ్రమపడి భద్రపరచిన ఆ భాండారంలో ఉన్నదంతా వేదాంతమేనా అంటే, కాదు. అక్కడ జోలపాటలు ఉన్నవి. దంపుళ్ళ పాటలు ఉన్నవి, పెళ్ళిపాటలు ఉన్నవి, అలకలు, దెప్పిపొడుపులు ఉన్నవి. రాజు పండుకొన్నా, అతని బంటు పండుకొన్నా నిద్ర ఒకటే అని చెప్పే పాట ఉన్నది. ఆలయంలో, బంగారు నగలతో సమానంగా, మన ఇళ్ళలోని రోకలి చప్పుడును దాచిపెట్టినారు. స్వామికి అది కూడా నైవేద్యమేనని ఆ కాలపువారికి తెలిసినది.

అన్నమాచార్యులవారి మనుమడు చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపదలో వ్రాసినాడు. దీనిని వేటూరివారు విపులమైన పీఠికతో 1949లో ప్రకటించినారు. అందులో ఆ మహాపురుషుడి యాత్ర ఎట్లా మొదలవుతుంది? ఏదో దివ్యాదేశంతో కాదు. ఇంట్లో మందలింపుతో. పిల్లవాడు ఏ పనీ చేయడు, ఎప్పుడూ పాటలే అని ఇంటివారు విసుక్కొంటారు. గడ్డి కోసుకొని రమ్మని పంపుతారు. కొడవలి చిటికెన వ్రేలికి తెగుతుంది. ఆ నొప్పిలో ఇల్లు, సంబంధాలు అన్నీ ఏమిటివని తోచి, కొండకు పోయే యాత్రికుల వెంట నడుస్తాడు. చెప్పులతో కొండ ఎక్కబోయి, ఆకలికి సొమ్మసిల్లి పడిపోతాడు. అప్పుడు అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువ రూపంలో వచ్చి, చెప్పులు విడువమని చెప్పి, ప్రసాదం తినిపిస్తుంది. అన్నం తిన్న తరువాత ఆ తల్లిపై శతకం పుడుతుంది. ముందు అన్నం, తరువాత కవిత్వం. ఈ క్రమాన్ని గుర్తు పెట్టుకోండి, నాకు మళ్ళీ దీనితో పని ఉన్నది.

అట్లాగే మన తరిగొండ వెంగమాంబ. చిన్ననాటనే భర్తను పోగొట్టుకొన్నది. లోకం విధించిన వైధవ్య చిహ్నాలకు తల వంచలేదు. గురువు దగ్గర ఓనమాలైనా నేర్చుకోలేదని తన గ్రంథంలో తానే చెప్పుకొన్నది. ఆమె వ్రాసిన వేంకటాచల మాహాత్మ్యం ఈనాటికీ మన పారాయణ గ్రంథం, ఆమె ముత్యాల హారతి ఈనాటికీ ఏకాంతసేవలో నడుస్తున్నది. కొండ మీద మీరందరూ భోజనం చేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టినారు. చదువుకోలేదని త్రోసివేసి ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్న నేను ఇతరుల మీద వేయడం లేదు. నా మీదనే వేసుకొంటున్నాను.

ఇక ఆ సంగతి.

1975వ సంవత్సరం, వైశాఖమాసం. మధ్యాహ్నం రెండు గంటల వేళ. నాకు ఇరవై అయిదేళ్ళు దాటలేదు, పాణిని సూత్రాలన్నీ నోటికి వచ్చునన్న గర్వం ఒళ్ళంతా ఉన్నది. ఒక అవ్వ లోపలికి వచ్చింది. చంకలో పాత చీర గుడ్డలో చుట్టిన మూట. పలమనేరు వైపు పల్లె నుంచి చిత్తూరులో బస్సు మారి వచ్చినానని చెప్పింది. మూట నా బల్ల మీద పెట్టింది.

“సామీ, ఆకు పుస్తకాలు ఈడ తీసుకొంటారంట గదా. మా మామ రాసినవి. ఇంట్లో చెదలు పడతా ఉంది. లోపల ఏముందో రవంత చదివి చెప్పండి సామీ.”

విప్పినాను. పైన రెండు మూడు ఆకులు తిరగవేసినాను. గొలుసు వ్రాత, ముతక చేయి. ఎద్దుకు కడుపుబ్బరం వస్తే ఏమి చేయాలి, గొడ్డుకు గాళ్ళు వస్తే ఏమి చేయాలి, ఇట్లాంటివి. పంక్తుల నడుమ చిన్న అక్షరాలతో ఏవో పద్దులు, పేర్లు.

“ఇది పశువుల వైద్యం అవ్వా. ఇక్కడ శాస్త్రగ్రంథాలే తీసుకొంటారు. తీసుకొని పో” అన్నాను.

అట్లాంటి నియమం ఆ గ్రంథాలయంలో ఏదీ లేదు. నిజానికి అట్లాంటి కట్టలు అక్కడ ఎన్నో ఉన్నవి. అది ఆ క్షణంలో నా నోటి నుంచి పుట్టిన నియమం. ఆ గొలుసు వ్రాత చదవడానికి ఒక గంట పట్టేది, నాకు బద్ధకం వేసింది. అంతకంటే కారణం లేదు.

“తీసుకోకుంటే పాయ సామీ, చదివి చెప్పరా?” అన్నది.

“ఇప్పుడు వీలు కాదు” అన్నాను. ఏ ఊరని మాత్రం అడిగినాను, అది పట్టికలు వ్రాసేవాడి అలవాటు. ఆమె చెప్పింది, మూట కట్టుకొన్నది, పోయింది. నీళ్ళ కడవ నా బల్లకు నాలుగడుగుల దూరంలో ఉన్నది. ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు.

తరువాత నెలలు గడిచినవి. ఆశ్వయుజంలో ఒక విద్యార్థికి తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి పాఠం చెబుతున్నాను. మీకు తెలిసిన అనువాకమే. ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నులు, అగ్నిహోత్రం, అతిథులు అని వరుసగా పన్నెండు ధర్మాలు చెప్పి, ఒక్కొక్క దానితోనూ స్వాధ్యాయ ప్రవచనాలను, అంటే చదవడాన్ని, చదివి చెప్పడాన్ని జతచేస్తుంది శ్రుతి. అతిథుల తరువాత వెంటనే వచ్చేది ‘మానుషం’. దీనికి శంకర భగవత్పాదులు లోకవ్యవహారం అని అర్థం చెప్పినారు. మనిషికి మనిషితో నడిచే మామూలు వ్యవహారం. అది కూడా సందర్భం వచ్చినప్పుడు వచ్చినట్లు అనుష్ఠించవలసినదే అన్నారు. సత్యంతో, తపస్సుతో, అగ్నిహోత్రంతో సమానమైన పంక్తిలో దానికి ఆసనం వేసినారు.

నేను ఆ వాక్యం చెబుతూ ఆగిపోయినాను. చదవడం, చదివి చెప్పడం. ఆ అవ్వ నన్ను అడిగినది సరిగ్గా ఆ రెండే గదా! అతిథి, మానుషం, స్వాధ్యాయం, ప్రవచనం, నాలుగూ ఒకేసారి నా బల్ల ముందు వచ్చి నిలబడితే, పశువుల వైద్యం అని పంపివేసినాను.

శతపథ బ్రాహ్మణంలో పుట్టినవాడికి నాలుగు ఋణాలు చెప్పినారు. మనం సాధారణంగా దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడే తలచుకొంటాము. నాలుగవది మనుష్యఋణం. ఇంటికి వచ్చినవాడికి నీడ, అన్నం ఇవ్వడంతో అది తీరుతుంది. ఋషిఋణం తీరుస్తున్నానన్న భ్రమలో నాలుగవ ఋణం పెంచుకొన్నాను.

నాగులచవితి దాటిన ఆదివారం బస్సు ఎక్కినాను. ఊరి పేరు చెప్పను, ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉన్నది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నది. తల ఎత్తి చూసి “తిరుపతి సామి గదా” అన్నది. ఎందుకు వచ్చినావని అడగలేదు. ఆరోజు అట్లా అంటివే అని ఒక్క మాట అనలేదు. “యాడి నుంచో వచ్చినారు, ముందు మజ్జిగ తాగండి” అని లోపలికి పోయి చెంబు తెచ్చింది. నేను ఆచారంలో పుట్టినవాడిని, ఆ వయసులో పరుల ఇంట నీళ్ళు ముట్టేవాడిని కాను. ఆరోజు తాగినాను. ముందు అన్నం, తరువాత కవిత్వం అని ఇంతకు ముందు చెప్పినాను గదా.

కట్ట సంగతి అడిగినాను.

“చదివే వాళ్ళు లేకపాయ. చెదలు సగం తినేసింది. పుస్తకాన్ని కాల్చకూడదంటారు గదా సామీ, వానలు పడినాక కౌండిన్య ఏట్లో కలిపేసినాము.”

నాకు నోట మాట రాలేదు. ఆమె నా ముఖం చూసి ఏమనుకొన్నదో, లేచి దేవుడి గూటి దగ్గరికి పోయింది. వేంకటేశ్వరస్వామి పటం వెనుక చేయి పెట్టి ఒక ఆకు తీసింది. త్రాడు తెగినప్పుడు క్రింద పడితే, పై అంచున ‘శ్రీ’ అన్న అక్షరం గుర్తుపట్టి మనుమడు దాచినాడట. ఆ పిల్లవాడు అప్పుడు నాలుగో తరగతి.

“ఇదైనా చదువుతారా సామీ?”

వాకిట్లో వెలుతురుకు పట్టుకొని చదివినాను. కాడి రాపిడికి ఎద్దు మెడ పుండు పడితే చేయవలసిన వైద్యం. వేపనూనె, పసుపు, ఇంకా ఒక ఆకు పేరు, అది చెదల రంధ్రంలో పోయింది. నాలుగవ పంక్తిలో వైద్యం నడుమనే ఆగినది. అక్కడ నుంచి వ్రాత కొంచెం వంకర తిరిగినది, చేయి తొందరపడినట్లు ఉన్నది. ప్లవ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ దశమి, తెల్లవారుజామున ఇంట కొడుకు పుట్టినాడు, మిగిలిన వైద్యం రేపు వ్రాస్తాను అని ఉన్నది. అంతే. అంతటితో ఆకు ముగిసినది.

చదివి వినిపించినాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, “మా మామకు ఒక్కడే కొడుకు సామీ” అన్నది.

ఆమె భర్త. పోయి అయిదేండ్లయినదట. పోయిన తిథి ఆమెకు తెలుసు, ఏటేటా ఆ దినం పెట్టుకొంటున్నది. పుట్టిన తిథి ఆయనకే తెలియదు. నేను వ్రేళ్ళ మీద లెక్కవేసినాను. ప్లవ అంటే 1901. “పోయేనాటికి ఆయనకు అరవై తొమ్మిదేండ్లు అవ్వా” అన్నాను.

“అరవై తొమ్మిదేనా? ఎనబై దాటినాయని అందరం అనుకొంటిమి. పని చేసి చేసి అంత ముసిలోడైపాయ” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. నవ్వినదో, ఏడ్చినదో నాకు తెలియలేదు. అటు తిరిగి “ఒరే, పలక కాదు, పుస్తకం తీసుకోరా. సామి చెప్పింది రాసుకో” అని మనుమడిని కేకవేసింది. ఆ పిల్లవాడు నోటుపుస్తకంలో పెన్సిలుతో వ్రాసినాడు. కార్తీక శుద్ధ దశమి అన్నప్పుడు ‘శుద్ధ’ వత్తు ఎట్లా అని అడిగితే చెప్పినాను. ఆ దశమికి ఇంకా నాలుగు రోజులు ఉన్నది.

ఆ ఆకును గ్రంథాలయానికి ఇమ్మని నేను అడగలేదు. అది ఉండవలసిన చోటు పటం వెనుకనే అని తోచినది. ఒక వస కొమ్ము పక్కన పెట్టమని చెప్పి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చినాను. నేను వ్రాసిన ఏ పట్టికలోనూ ఆ ఆకు లేదు. ఏట్లో కలిసిన మిగిలిన ఆకులలో ఎవరి పుట్టుక ఉన్నదో, ఎవరి బాకీ ఉన్నదో, ఏ కరువులో ఎవరు ఎవరికి గింజలు పెట్టినారో, ఆ లెక్క తెలిసే దారి నేనే మూసివేసినాను. ఇప్పటికి దాదాపు యాభై ఏళ్ళు. కార్తీక దశమి వచ్చినప్పుడల్లా తర్పణం వదిలేటప్పుడు ఆ పేరు తెలియని పశువైద్యుడికి కూడా ఒక దోసెడు నీళ్ళు వదులుతున్నాను. శాస్త్రం ఒప్పుకొంటుందా అని అడిగే విద్వాంసులు సభలో ఉంటే, తరువాత విడిగా మాట్లాడుకొందాము.

ఇప్పుడు కాలం మారినది. తాళపత్రాల కోసం 2003లో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్థాయిలో ఒక ప్రత్యేక పథకమే ప్రారంభించినది. ఆకులను ఫోటోలు తీసి కంప్యూటర్లలో భద్రపరుస్తున్నారు. చాలా మంచి పని. కాని ఫోటో ఆకును కాపాడుతుంది, చదవదు. గొలుసు వ్రాత, పాత అంకెలు, పుట్టి తూము కొలతల గుర్తులు చదవగలిగినవారు మన జిల్లాలో ఏటేటా తగ్గిపోతున్నారు. వెనుక వరుసలోని విద్యార్థులారా, మీలో ఇద్దరు ముగ్గురు ముందుకు వస్తే నాకు తెలిసినంత నేర్పుతాను. ఆరు నెలల పని, అంతకంటే పట్టదు. ఫీజు లేదు. ఓపిక కావాలి.

ఇక ఇంటింటి సంగతి. మీ అటకల మీద, ధాన్యపు గాదెల వెనుక, దేవుడి గూళ్ళలో ఆకు కట్టలు ఉండవచ్చు. పాత క్రయపత్రాలు, కరణాల కవిలెలు, అవ్వలు వ్రాసుకొన్న పాటల పుస్తకాలు, కార్డుముక్కలు ఉండవచ్చు. ఇది శాస్త్రమా కాదా అని మీరు తేల్చుకొని పారవేయకండి. ఇమ్మని కూడా నేను అడగడం లేదు. చదివించుకొని మళ్ళీ ఇంటికి తీసుకొనిపోవచ్చు. ట్రస్టువారి అనుమతితో ప్రతి శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఈ పఠన మందిరంలో, కిటికీ ప్రక్కన ఉన్న బల్ల దగ్గర కూర్చొంటున్నాను. నా చూపు కొంచెం తగ్గినది, భూతద్దం తెచ్చుకొంటాను. లోపలికి రాగానే కుడిచేతి వైపు మంచినీళ్ళ కుండ పెట్టించినాను. ముందు నీళ్ళు తాగి, తరువాత మూట విప్పండి.